కాగితం ఎక్కని తరాలు

1850లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో డేవిడ్ పాటర్సన్ అనే వయసు మళ్లిన భూస్వామి వీలునామా రాశాడు. రాట్నాలు, కొడవళ్లు, బల్లగుడ్డలు, పశువులు ఎవరికేవి చెందాలో పూసగుచ్చినట్టు రాశాడు. ఆ సామాన్ల నడుమ ఆరేళ్ల ఆడపిల్ల కూడా ఉంది. పేరు మెల్వీనియా. ఆ తర్వాత ఆస్తికి వెల కట్టినప్పుడు ఆ పిల్లకు పడిన ధర 475 డాలర్లు.

2009లో మేగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు, న్యూయార్క్ టైమ్స్ పత్రికతో కలిసి, ఆ పిల్ల ఎవరో లోకానికి చెప్పింది. అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామాకు మెల్వీనియా తల్లివైపు పూర్వీకురాలు. మిషెల్‌తో మొదలుపెట్టి వెనక్కి లెక్కిస్తే ఆరో తరం. ఒక వీలునామా, ఒక జనాభా లెక్కల పుట, ఒక మరణ ధ్రువపత్రం – దొరికినవి ఇలాంటి కాగితాలే. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే, తన పేరు తాను రాసుకునే వీలు లేని ఒక బానిస పిల్ల నూట యాభై ఏళ్ల తర్వాత తన మనవల మనవలకు దొరికింది.

ఆ వెతుకులాట ఎలా సాగిందో తెలిస్తే సిద్దిపేట జిల్లాలో మనం ఏం పోగొట్టుకుంటున్నామో అర్థమవుతుంది. అమెరికాలో 1790 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. మొదట్లో ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసేవారు. 1850 నుంచి ఇంట్లో ప్రతి మనిషి పేరూ రాయడం మొదలైంది. అయితే బానిసలు ఆ లెక్కలోకి రాలేదు. వాళ్లకు వేరే పట్టిక పెట్టారు. పైన యజమాని పేరు, కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరు గడే లేదు. 1860లోనూ అంతే. 1865లో బానిసత్వం రద్దయ్యాక, 1870 లెక్కల్లో మొదటిసారి విముక్తులైన ఆ లక్షలాది మంది పేర్లూ ఇంటిపేర్లతో సహా పుస్తకంలోకెక్కాయి. అందుకే నల్లజాతి కుటుంబాలు తమ మూలాలు వెతుక్కుంటూ వెనక్కి పోతే 1870 దగ్గర గోడ అడ్డొస్తుంది. ఆ గోడకు అవతల ఉన్నది బానిసను కొన్నవాడి కాగితాలే.

1870 లెక్కల్లో మెల్వీనియా జార్జియా రాష్ట్రంలో నలుగురు పిల్లలతో కనిపిస్తుంది. ముగ్గురు పిల్లల ఎదుట మిశ్రమ సంతతి అని రాసి ఉంది. ఆ పిల్లల్లో ఒకడైన డాల్ఫస్ షీల్డ్స్ తర్వాత అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో వడ్రంగిగా స్థిరపడ్డాడు. అతడి తండ్రి మెల్వీనియా అప్పటి యజమాని కొడుకే అయి ఉంటాడని ఆ తర్వాత డీఎన్ఏ పరీక్షలు సూచించాయి. మెల్వీనియా 1938లో చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు రాయాల్సిన చోట ‘తెలియదు’ అని రాశారు.

ఈ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి తెలుగులోకి తెస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో ‘ఏడుతరాలు’గా వేసింది. అప్పటి నుంచి కుంటా కింటే పేరు తెలంగాణ పల్లెల్లో చదువుకున్న ప్రతి కార్యకర్తకూ తెలుసు. ఆ పుస్తకం చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనం, మన ఊరి పాలేరు తాత ముత్తాత పేరేమిటని అడిగామా? అడగాల్సిన ప్రశ్న అదే. మన దగ్గర కూడా కాగితం భూమి ఉన్నవాడి వెంటే నడిచింది. భూమి లేనివాళ్ల వంశచరిత్ర నోటిలోనే మిగిలింది. ఆ నోళ్లు ఇప్పుడు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

పెత్రమాస నాడు సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఈ మాట రుజువవుతుంది. పొద్దున్నే స్నానం చేసి విస్తట్లో బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కూరగాయలు పెట్టుకొని అయ్యగారి దగ్గరికో జంగమయ్య దగ్గరికో పోతారు. పెద్దల పేర్లు చెప్పమంటాడు ఆయన. తండ్రి పేరు గడగడా వస్తుంది. తాత పేరూ వస్తుంది. ముత్తాత దగ్గర చాలామంది గొంతు ఆగుతుంది. పక్కనున్న పెద్దమనిషి వైపు చూస్తారు. ఆయనకూ యాదికి రాకపోతే ఉన్న పేర్లతోనే బియ్యం ఇచ్చి వస్తారు. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. నాయనమ్మ పేరు దాటితే తెలిసిన ఇల్లు అరుదు. ఫలానా ఊరామె, ఫలానా ఇంటి బిడ్డ అంటారు తప్ప ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో ఎవరికీ గుర్తుండదు. మూడు తరాల అవతల అంతా చీకటే.

భూమి ఉన్న కుటుంబాలకు ఈ చీకటిలో కొంత దారి దొరుకుతుంది. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత సర్వే, బందోబస్తు జరిగి సర్వే నంబర్లు పడ్డాయి. ఏ నంబరు ఎవరి పట్టా అన్నది సేత్వార్‌లో నమోదైంది. ఏటేటా పహాణీలు, ఫైసల్ పట్టీలు వచ్చాయి. పట్టాదారు చనిపోతే వారసుల పేరిట విరాసత్ జరిగేది. వంశం వెతికేవాడికి విరాసత్ ఫైలును మించిన నిధి లేదు. చనిపోయినవాడెవరు, కొడుకులెందరు, ఎవరు దత్తు, ఎవరు మైనరు, విధవరాలికి ఏం రాసిచ్చారు – అన్నీ అందులో ఉంటాయి. తగాదా పడ్డ కుటుంబమైతే ఇంకా మేలు. వాంగ్మూలాల్లో తాత ముత్తాతల సంగతులు కూడా వస్తాయి.

ఆ కాగితాలను చదవడం మాత్రం తేలిక కాదు. 1880ల దాకా పాలన పారసీలో, ఆ తర్వాత ఉర్దూలో సాగింది. పట్వారీలు, గుమాస్తాలు తొందర తొందరగా షికస్తా గొలుసుకట్టులో రాసేవారు. ఆ రాతలో నుక్తాలు ఎగిరిపోతాయి. ఉర్దూలో ప, బ అక్షరాలకు తేడా చూపేది నుక్తాలే కాబట్టి పాపయ్య బాబయ్య అవుతాడు, బాబయ్య పాపయ్య అవుతాడు. పొట్టి అచ్చులు రాయరు కాబట్టి మల్లయ్యా ముల్లయ్యా అన్నది ఊరు తెలిసినవాడే తేల్చాలి. తేదీలు ఫసలీ కాలమానంలో ఉంటాయి. ఆజూరు, దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ నెలలు నడుస్తాయి. ఫసలీకి 590 కలిపితే సుమారుగా ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ భూమి రెవెన్యూ చట్టం 1317 ఫసలీ నాటిది అంటే 1907 అన్నమాట. ఉర్దూ మీడియంలో చదువుకుని ఈ లెక్కలన్నీ నోటికి చెప్పగలిగిన తరం ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ల వయసులో ఉంది. సిద్దిపేటలో, దుబ్బాకలో, హుస్నాబాద్‌లో ఇంకా కొందరున్నారు. వాళ్లు పోతే కాగితం ఉన్నా చదివేవాడు ఉండడు.

జిల్లా స్వరూపం కూడా వెతుకులాటను కష్టం చేసింది. సిద్దిపేట జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక మెదక్ జిల్లాలో, చేర్యాల వరంగల్ జిల్లాలో, హుస్నాబాద్, కోహెడ కరీంనగర్ జిల్లాలో ఉండేవి. చేర్యాల మనిషి ముత్తాత కాగితం వెతకాలంటే సిద్దిపేట కలెక్టరేటు ఒక్కటే చూస్తే సరిపోదు. పాత రికార్డుల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాల కేంద్రం, అదే ఆర్కైవ్స్, గుమ్మం కూడా తొక్కాలి. బహమనీల కాలం నుంచి, షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలన నుంచి వచ్చిన పత్రాలు అక్కడున్నాయి. పరిశోధకులకు తెలిసిన ఆ చోటు మామూలు రైతు కుటుంబానికి తెలియదు.

ఇదంతా పట్టా ఉన్నవాళ్ల సంగతి. జిల్లాలో సగానికి పైగా ఇళ్లలో నాలుగు తరాల కిందట పట్టా అన్న మాటే లేదంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు. దొరల భూముల్లో పాలేర్లు, భాగేలాలు, కౌలుదార్లు, వెట్టి చేసిన చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల కుటుంబాలు తరాల తరబడి ఈ మట్టిని దున్నినా, మోసినా, వాళ్ల పేరు సేత్వార్‌లో లేదు. గడీల్లో ఆడబాపలుగా బతికిన ఆడవాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. పెళ్లికూతురి వెంట సారెగా పంపిన ఆ ఆడపిల్లలకు ఏ పత్రంలో పేరుంది? వాళ్ల పిల్లల తండ్రి పేరు ఊరందరికీ తెలుసు, రాసినవాడు లేడు. పాటర్సన్ వీలునామాలో కనీసం మెల్వీనియా అన్న పేరైనా ఉంది.

మన దగ్గర 1870 గోడకు సమానమైనది 1950. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు తయారయ్యాయి. దున్నేవాడి పేరు దున్నేవాడిగా సర్కారు పుస్తకంలోకెక్కింది అప్పుడే. 1954-55లో ఖాస్రా పహాణీ వచ్చింది. పట్టాదారు గడి పక్కనే సాగుదారు గడి కూడా ఉన్న ఆ పహాణీని ఈనాటికీ భూమి కేసుల్లో మూలాధారంగా చూస్తారు. ఆ పుటల్లో ఒక పేరు కనిపిస్తే దాని వెనుక తండ్రి పేరు ఉంటుంది. అంటే 1900 ప్రాంతంలో పుట్టిన ఒక మనిషి దొరికినట్టే. భూమి లేని కుటుంబాల్లో చాలామందికి కాగితం మీద దొరికే అతి పాత పూర్వీకుడు ఆయనే.

ఇంకో చోట కూడా చూడాలి. మెదక్ ప్రాంతంలో పనిచేసిన వెస్లియన్ మిషన్, వరంగల్ వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ అంటరాని కులాల్లోకి వెళ్లాయి. చర్చిలో బాప్తిస్మం, పెళ్లి, సమాధి – మూడింటికీ పుస్తకం ఉంటుంది. అమెరికన్ బాప్టిస్టులు 1836లోనే తెలుగు గడ్డ మీదికి వచ్చారు. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ నాయకత్వంలో 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం తీసుకున్నారు. మెతుకు సీమలో మాల, మాదిగ కుటుంబాల చరిత్ర రాసేవాళ్లు మొదట తట్టాల్సిన తలుపుల్లో పాత చర్చి తలుపు ఒకటి.

ఊరు వదిలి ఓడ ఎక్కినవాళ్ల సంగతి చూస్తే ఊళ్లోనే ఉన్నవాళ్ల లోటు ఇంకా బాగా తెలుస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మంది కూలీలు నేటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ పట్టికలో ప్రతి కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. తెల్లవాడు అది రాసింది కూలీ మీద ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. అయినా ఆ వరుస పట్టుకొని ఇవాళ డర్బన్‌లోని తెలుగు కుటుంబాలు తాత ఊరు వెతుక్కుంటూ వస్తున్నాయి. అదే కాలంలో ఇక్కడ దొర వాకిట్లో వెట్టి చేసిన మనిషికి ఆ ఒక్క వరుస కూడా లేదు.

అయితే కాగితం లేనంత మాత్రాన చరిత్ర లేదనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. తెలంగాణలో చాలా కులాలకు వాటి చరిత్ర చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. కాపులు, రెడ్ల ఇళ్లకు గోత్రాలు, వంశాలు చెప్పేవాళ్లు పిచ్చకుంట్ల వాళ్లు, ఇప్పుడు వంశరాజ్‌లంటున్నారు. ఈ బృందాలకు ఊళ్లు పంచి ఉంటాయి. ఫలానా ఊళ్లు ఫలానా ఇంటి మిరాసి. ఏడాదికో మూడేళ్లకో వచ్చి, పటం విప్పి, కులపురాణం చెప్పి, ఇంటింటి పెద్దలను తలుచుకుని, త్యాగం (తమకు రావాల్సిన కట్నం) తీసుకుని వెళ్తారు. తమ మిరాసి ఇళ్లేవో, ఏ ఇల్లు ఎక్కడి నుంచి వచ్చి ఈ ఊళ్లో నిలిచిందో, ఎవరు ఎవరితో వియ్యమందారో గుర్తు పెట్టుకోకపోతే వాళ్లకు గింజ పుట్టదు. అందుకే పెట్టుకున్నారు. పేరు లేని మాదిగ వాడకు పేరుపేరునా గుర్తుపెట్టుకునే మనిషి డక్కలాయన రూపంలో ఉన్నాడు. ఆయనను ఊరి బయటే నిలబెట్టారు. మనం ఆయన్ను అడుక్కునేవాడిగా చూశాం. ఆయన మోస్తున్నది ఏ కచేరీలోనూ లేని దస్తావేజు.

ఈ కథకుల్లో పలువురికి పటాలు గీసేది మన చేర్యాల నకాషీలే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద కథను వరుసలు వరుసలుగా దింపుతారు. మూడడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవు సాగే ఆ పటాన్ని పైనుంచి కిందికి విప్పుకుంటూ రాత్రుళ్లు కథ చెప్పేవారు. ఇవాళ చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, డ్రాయింగ్ రూముల్లో గిరాకీ ఉంది. చిన్న చిన్న బొమ్మలు, మాస్కులు, కీచైన్లు అమ్ముడుపోతున్నాయి. కథకుడికి నిండు పటం గీయించే రోజులు మాత్రం దాదాపు పోయాయి. పటం గోడకెక్కి కథకుడు వీధిన పడ్డాడు. బొమ్మను కాపాడుకున్నామని సంబరపడే ముందు అది ఎవరి కోసం పుట్టిందో తలుచుకోవాలి.

నోటి మాటను గుడ్డిగా నమ్మాలని కాదు. హేలీ అనుభవమే ఇందుకు పాఠం. గాంబియాలోని జుఫురే ఊళ్లో ఒక కథకుడు కుంటా కింటే వంశాన్ని చెప్పాడని, అది తన ఇంట్లో తరతరాలుగా విన్న మాటలతో సరిపోయిందని ఆయన రాశాడు. గాంబియాలో విచారించిన చరిత్రకారుడు డొనాల్డ్ రైట్, ఆ సాక్ష్యం మీద ఆధారపడలేమని 1981లో తేల్చాడు. అదే ఏడు గ్యారీ మిల్స్, ఎలిజబెత్ మిల్స్ అనే పరిశోధకులు అమెరికా రికార్డులు తిరగేసి, అంతర్యుద్ధానికి ముందటి తరాల గురించి హేలీ రాసిన దానికీ కాగితాలకూ పొంతన కుదరదని చూపించారు. ‘ఏడుతరాలు’ మనసును కదిలించిన తీరు దీనివల్ల తగ్గదు. కానీ వంశం వెతికేవాడు ఏం చేయాలో దీంతో తెలుస్తుంది. త్యాగం ఇచ్చే ఇంటిని కథకుడు కొంచెం ఎత్తి చెబుతాడు. పట్టాదారు దగ్గర కూర్చున్న పట్వారీ కూడా పట్టాదారుకు అనుకూలంగానే రాశాడు. ఒకరి మాటను మరొకరి రాతతో సరిచూసుకోవాలి. సరిచూసుకోవాలంటే ముందు రెండూ మన చేతిలో ఉండాలి.

సిద్దిపేటకు ఇది ఇప్పటికిప్పుడు అవసరమైన పని కావడానికి బలమైన కారణం ఉంది. 2022 ఫిబ్రవరిలో మల్లన్నసాగర్ జాతికి అంకితమైంది. 50 టీఎంసీల జలాశయం. దాని కోసం వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, ఎర్రవల్లి వంటి ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. అంతకు రెండేళ్ల ముందే కొండపోచమ్మ సాగర్ కింద బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి ఖాళీ అయ్యాయి. నీళ్లు వచ్చినందుకు పొలాలు పచ్చబడ్డాయి. ఆ సంగతి కాదనేవారు లేరు. కానీ ఆ ఊళ్లతో పాటు వాడల వరుస పోయింది. ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు, ఏ చింతచెట్టు కింద ఎవరి పెద్దల సమాధులు, ఏ గడీ వెనుక ఎవరి గుడిసెలు – వంశం చెప్పేవాడికి ఇవే గుర్తులు. గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీలో ఇళ్లు ఇచ్చారు. ఊళ్ల పేర్లు బోర్డుల మీద ఉన్నాయి. పాత వాడల పొందిక లేదు. కొందరు డబ్బు తీసుకొని హైదరాబాద్ శివార్లకు వెళ్లిపోయారు. మిరాసి ఊరు వెతుక్కుంటూ వచ్చే పిచ్చకుంట్లాయన వంశం ఎక్కడ చెప్పాలి? ఎవరి వాకిట్లో నిలబడాలి?

వలస కూడా కొత్తది కాదు. దుబ్బాక, సిద్దిపేట పద్మశాలీలు మగ్గాలు ఆగినప్పుడల్లా భీవండికి, సోలాపూర్‌కు, సూరత్‌కు వెళ్లారు. వాళ్ల మనవలకు మరాఠీ, గుజరాతీ వచ్చు. కూనపులి వాళ్లెవరో తెలియదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన పిల్లలకు బళ్లో వంశవృక్షం గీసుకురమ్మంటే సిద్దిపేటలోని తాతకు ఫోను వస్తుంది. తాతకు తెలిసింది మూడు తరాలే. ఉమ్మినీళ్లు పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే దక్షిణ ఆసియా అని వస్తుంది. ఊరి పేరు, ముత్తవ్వ పేరు ఏ పరీక్షా చెప్పదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. వంశాలు, గోత్రాలు తవ్వితే కులం పట్టు పెరుగుతుంది కదా అని. ఆ భయం న్యాయమైనదే, జవాబు కూడా ఉంది. వంశగౌరవం చాటుకునేవాళ్లకు ఇప్పటికే గడీలున్నాయి, సనదులున్నాయి, అచ్చేసిన వంశచరిత్రలున్నాయి. తీర్థాలకు పోయినప్పుడు చూసుకోవడానికి గయలో, హరిద్వార్‌లో పండాల బహీలు, అంటే వంశాల పుస్తకాలు, ఉన్నాయి. హరిద్వార్ బహీలను అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం వాళ్లు ఎన్నడో మైక్రోఫిల్ము కూడా తీసుకుపోయారు. ఏమీ లేనిది ఆ గడీలకు రాళ్లెత్తినవాళ్లకు. వాళ్ల వంశం రాస్తే కులం గొప్పదనం బయటపడదు, వెట్టి లెక్క బయటపడుతుంది. మెల్వీనియా కథ రాసినందుకు అమెరికాలో ఎవరి జాతి అహంకారమూ పెరగలేదు. దేశాధ్యక్షుడి ఇంట్లోనే బానిసత్వం కొద్ది తరాల దూరంలో ఉందని ఆ దేశం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆడబాపల పిల్లల వంటి నాజూకైన సంగతుల్లో ఆ కుటుంబం ఒప్పుకుంటేనే రాయాలి, ఒప్పుకున్నంత మేరే రాయాలి. పేరు దాచుకునే హక్కు కూడా వాళ్లదే.

చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ముంపు ఊళ్లతో మొదలుపెట్టాలి. ఆ ఊళ్ల సేత్వార్, ఖాస్రా పహాణీ, రక్షిత కౌలుదారుల రిజిస్టరు, విరాసత్ ఫైళ్లు, పునరావాసం కోసం తీసిన ఇంటింటి సర్వే – ఇవన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. వాటిని స్కాను చేసి, తెలుగులోకి ఎత్తి, ఊరికొక పుస్తకంగా కట్టి కాలనీ గ్రంథాలయంలో పెట్టాలి. నష్టపరిహారం లెక్క కోసం కాగితాలు తవ్విన రెవెన్యూ శాఖకు, మనుషుల పేర్ల కోసం తవ్వడం కష్టం కాదు.

షికస్తా చదవగల ఉర్దూ పెద్దలను గౌరవ వేతనం మీద కూర్చోబెట్టి, వాళ్ల పక్కన సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థులను కూర్చోబెట్టాలి. అమెరికాలో ఇలాంటి పని చేసి చూపించారు. విముక్తులైన బానిసల కోసం 1865లో పెట్టిన ప్రభుత్వ సంస్థ రికార్డులను 2015 జూన్‌లో మొదలుపెట్టి ఏడాదిలో పాతిక వేల మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు చదివి, దాదాపు పద్దెనిమిది లక్షల పేర్లు వెతుక్కునేలా చేశారు. ఉర్దూ పెద్దలు చదివి పెట్టినవాటిని అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు శని, ఆదివారాల్లో గంట చొప్పున కూర్చుని ఎక్కించినా పని చాలా ముందుకు సాగుతుంది.

ఆశ్రిత కులాల కథకులను పింఛనుకే పరిమితం చేయకూడదు. ఒక్కో బృందం మిరాసి ఊళ్లేవో మ్యాపు గీయాలి. వాళ్లు చెప్పే ఇంటి పెద్దల వరుసను ఊరూరా తిరిగి రికార్డు చేయాలి. చెప్పినందుకు త్యాగం ఇచ్చినట్టే ప్రభుత్వం రుసుము ఇవ్వాలి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి ఈ పని అనుభవం ఉంది. జిల్లా యంత్రాంగం తోడైతే చాలు. పాత చర్చి పుస్తకాలను కూడా ఇదే పనిలో కలపాలి.

బడులు చేయాల్సింది ఒకటుంది. ఎనిమిదో తరగతి పిల్లలతో ఏటా పెత్రమాస, బతుకమ్మ సెలవుల్లో ఇంటి వంశవృక్షం రాయించాలి. నియమాలు రెండే పెట్టాలి: తండ్రివైపు ఎన్ని పేర్లు రాస్తే తల్లివైపూ అన్నే రాయాలి, ప్రతి ఆడమనిషికి ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు రాయాలి. ముసలమ్మలు బతికుండగానే ఈ పని కావాలి. ఇంటి ఆడబిడ్డలు ఏ ఊళ్లకు పోయారో, కోడళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారో వాళ్లకే తెలుసు. మగవాళ్ల వంశం ఒక ఊరి చరిత్ర అయితే, ఆడవాళ్ల వంశం పది ఊళ్ల చరిత్ర.

ఇంకొక పని ఢిల్లీలో కావాలి. అమెరికా తన జనాభా లెక్కల్లోని ఇంటింటి పుటలను 72 ఏళ్లు దాచి, తర్వాత అందరికీ తెరుస్తుంది. 1950 నాటి లెక్కలు 2022 ఏప్రిల్ 1న తెరిచారు. హైదరాబాద్ రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881లోనే జరిగినా, అప్పటి నుంచి ఏ లెక్కల్లోనూ మన ముత్తాత ఇంటి పుట మనకు దొరకదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ఆ పుటలను ఎవరూ చూడకూడదంది. బతికున్నవాళ్ల వివరాలు దాచడం సబబే. శాశ్వతంగా దాచాల్సిన అవసరం లేదు. ఇప్పుడు 2027 జనగణన వస్తోంది. కులం కూడా రాస్తున్నారు, అంతా డిజిటల్‌గా రాస్తున్నారు. ఈ పుటలను నాశనం చేయకుండా ముద్ర వేసి భద్రపరచాలని, డెబ్బై అయిదేళ్ల తర్వాత ఆ కుటుంబాల వారసులకు తెరవాలని చట్టాన్ని సవరించాలి. సిద్దిపేట జిల్లా మూడు లోక్‌సభ స్థానాల కింద విడిపోయి ఉంది. సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్ మెదక్ కింద, హుస్నాబాద్ కరీంనగర్ కింద, చేర్యాల భువనగిరి కింద ఉన్నాయి. ఈ సవరణ కోరుతూ పార్లమెంటులో గొంతెత్తాల్సిన బాధ్యత ఆ ముగ్గురు ఎంపీలది; ఇంకా ఆలస్యం కాకముందే ఆ మాట వాళ్ల చేత చెప్పించాల్సిన బాధ్యత ఓట్లేసిన మనది.